చూలాలికి టికెట్ లేదు

మా అత్తగారి పేరు అసుంటా. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. మోంటెర్కి ఊళ్ళో మరియమ్మ బొమ్మున్న మ్యూజియం ముందు కారు దిగీ దిగగానే గబగబా మెట్లెక్కి, టికెట్లమ్మే పిల్లతో హాలంతా వినపడేలా చెప్పింది: "రెండే ఇవ్వమ్మా! మా కోడలు కడుపుతో ఉంది. చూలాళ్ళని మీరు టికెట్ అడగరుగా!"

నేను కడుపుతో లేను. నిన్న రాత్రిదాకా ఉన్నాను.

తెల్లారుజామున నొప్పితో మెలకువ వచ్చి చూసుకుంటే పక్కంతా రక్తం. నిద్రపోతున్న మా ఆయన్ని లేపకుండా స్నానాలగదిలో తలుపేసుకుని, ఫోన్ చేసి డాక్టరమ్మని నిద్రలేపాను. అంత రక్తం పోయిందంటే కడుపు నిలవలేదనే అనుకో, రేపొచ్చి ఒకసారి చూపించుకో అంది. పెళ్ళైన ఇన్నేళ్ళకి నిలిచిన మొదటి కడుపు. నేను ముఖం కడుక్కుని బయటికొచ్చేసరికి కింద వీధిలోంచి అత్తగారి కేకలు. "మిరెల్లా! రావే, మరియమ్మ మనకోసం కాచుక్కూచుంటుందా?" ఆ గొంతులో సంబరం విన్నాక కోటు వేసుకుని మెట్లు దిగాను. దారిలో చెబుదామనుకున్నాను. దారి పొడుగునా ఆవిడే మాట్లాడింది. మా ఆయన టుల్లియో ఈల వేసుకుంటూ బండి నడిపాడు.

"ఎన్నో నెలండీ?" అంది టికెట్ల పిల్ల ముఖమంతా నవ్వుతో.

"మూడోది. దీనికి సిగ్గులే," అని నా బదులు అత్తగారే చెప్పేసింది.

లోపల గది చీకటి. ఎదురుగా అద్దం వెనక, ఎప్పుడో వందల ఏళ్ళ కిందట పియేరో అనే చిత్రకారుడు గీసిన మరియమ్మ గోడబొమ్మ ఒక్కదానికే వెలుగు. మమ్మల్ని చూసి ఒక ముసలాయన, ఆయన భార్య పక్కకి జరిగారు. "రామ్మా రా, నీలాంటివాళ్ళ కోసమేగా ఆవిడ ఉంది," అన్నారు. ముందు అద్దం, వెనక అత్తగారి చెయ్యి, అటూ ఇటూ దీవించేవాళ్ళు. ఎటు కదలను?

నిండుచూలాలు మరియమ్మ. నీలం గౌను ముందువైపు విడిపోయి ఉంటే ఆ చీలిక మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. ఇద్దరు దేవదూతలు గుడారం తెరలు చెరోవైపు లాగి పట్టుకున్నారు, రండి చూడండి అన్నట్టు. తెర తీయమని ఆవిడేమైనా అడిగిందా? కళ్ళు సగం వాల్చేసుకుంది పాపం.

అత్తగారు నా చెయ్యి పట్టుకుని నా పొట్ట మీద పెట్టి, పైన తన చెయ్యి వేసి నొక్కింది. "ఆవిడ ఎక్కడ పెట్టుకుందో నువ్వూ అక్కడే పెట్టుకోవాలి. మా అత్త నాచేత ఇలాగే పెట్టించింది. అప్పుడీ బొమ్మ సమాధుల పక్కన గుళ్ళో ఉండేది, ఒకటే చెమ్మ. ఇలా పెట్టానో లేదో, టుల్లియోగాడు లోపల్నించి ఒక్కటి తన్నాడు చూడూ!"

ఆ చేతుల కింద నా పొత్తికడుపు మెలిపెడుతోంది.  ఇక్కడ ఏడిస్తే ఆనందబాష్పాలనుకుంటారు. నవ్వాను. నా మొహానికి అదొకటి.

టుల్లియో తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్తగారు శిలువ గుర్తు వేసుకుంటున్న అదనులో అతని దగ్గరికి వెళ్ళాను.

"అది పోయింది, టుల్లియో."

"తెలుసు," అన్నాడు మెల్లగా.

"ఏం తెలుసు?"

"ఆ నెత్తురు దుప్పటి ఉతికే మెషీన్లో వేసిందెవరనుకున్నావు? అమ్మ ఎన్నాళ్ళనుంచో ఎదురుచూస్తోంది. ఈ ఒక్కపూటా సంతోషంగా ఉండనీ అనుకున్నా. భోజనాలయ్యాక నేనే చెబుతాలే. కాస్త ఓర్చుకో, బంగారం."

ఒళ్ళు భగ్గున మండింది. పొద్దుట్నుంచీ నేనొక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను, పోనీ అతనికి తెలీదుగా అని సర్దిచెప్పుకున్నాను. తెలిసే ఈల వేశాడు! తెలిసే నన్ను తెచ్చి ఆ అద్దం ముందు నిలబెట్టాడు!

హాల్లోకి వచ్చేశాను. "ఒక టికెట్ ఇవ్వు."

"మీకు అక్కర్లేదండీ, మీరు..."

"కావాలి. ఇవ్వు!"

నా గొంతు నాకే గట్టిగా వినపడింది. వెనక్కి తిరిగితే, నేనెటు పోయానోనని వెతుక్కుంటూ వచ్చిన అత్తగారు. నా మొహం చూసింది, బల్ల అంచుని పట్టుకున్న నా చెయ్యి చూసింది. 

"ఎప్పట్నుంచే?" అంది గొంతు తగ్గించి.

"తెల్లారుజామునుంచి."

"అయ్యో నా తల్లీ! ఇన్ని మెట్లెక్కించానే నిన్ను! చెప్పొచ్చుగదే పిచ్చిమొహమా!" నా రెండు బుగ్గలూ పట్టుకుంది.  నా ఏడుపు అప్పుడొచ్చింది, ఆపుకోలేదు.

చీకటి గదిలోంచి టుల్లియో వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు. అడుగుల చప్పుడు విని, ఆవిడ అటు తిరక్కుండానే అడిగింది. "వాడికి తెలుసా?"

ఆవిడకి కొడుకంటే పంచప్రాణాలు. టుల్లియో నాకేసి చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. లేదు అని ఒక్క మాటంటే చాలు, అందరం ఇంటికెళ్ళిపోవచ్చు.

"తెలుసు," అన్నాను.

అత్తగారు నెమ్మదిగా వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. "కారు తాళాలిలా తే. నేను నడుపుతా. నువ్వు బస్సులో రా."

"ఆదివారం బస్సులుండవమ్మా."

"అయితే నడిచి రా," అంది.