బాయిల ఏసిన మనిషి

మా ఆయన హన్మంత్‌కు వాట్సాప్ పొడ గిట్టది. పొద్దున లేస్తే పువ్వుల బొమ్మలు, దేవుళ్ల బొమ్మలు, ఎవడో రాసింది ఇంకెవడో తోలుడు, గిదేం రాత అంటడు. ఆయనకు న్యూస్‌గ్రూపే కావాలె, ఇంటర్నెట్ల అందరు కలిసి రాసుకునే పాతకాలపు జాగ. శేరిగూడల ఇంజినీరింగ్ కాలేజీ కంప్యూటర్ ల్యాబుల పనిచేసినప్పుడు పట్టిన పిచ్చి అది. నౌకరి ఇడిసిపెట్టి, ఇబ్రహీంపట్నం అవతల మా పొలంల జామతోట పెట్టినా ఆ పిచ్చి పోలే. ఆయన అసొంటోళ్లే ఇంకొందరు కలిసి చిన్న సర్వర్ నడుపుతున్నరు. అండ్ల ‘తోటలు’ అని ఒక గ్రూపు. చెట్టుకు తెగులొస్తే ఒకరు అడుగుతరు, తెలిసినోళ్లు జవాబు రాస్తరు. రాసింది అందరికి కనబడ్తది, ఏండ్లకొద్ది ఉంటది.

రాసుడు గూడ ఎట్లనుకున్నరు, పెండ్లిపత్రిక రాసినట్టు. ఎదుటోని మాటల్ల అవసరమున్న రెండు ముక్కలు ఉంచి, తక్కిందంత కోసి, దాని కింద మన జవాబు పెట్టాలె. రాసింది చదువుకోవాలె. చాయ తాగొచ్చి మల్ల చదవాలె. గప్పుడు ‘పంపు’ నొక్కాలె, ఎందుకంటే ఒకసారి పోయినంక వాపస్ తీసుకునుడు ఉండది. నాతోని మాట్లాడేటప్పుడు గింత సోంచాయిస్తే మన సంసారం ఇంక మంచిగుంటుండె అని నేనంటే, నవ్వుతడు గంతే.

ఆ గ్రూపుల ఒక పద్ధతుంది. ఎవరి మీదనన్న మనసు ఇరిగితే, న్యూస్‌రీడర్ల అంటే గ్రూపు చదివే సాఫ్ట్‌వేర్ల, ఆయన పేరు మీద జల్లెడ పెట్టుకోవచ్చు. ఇగ ఆయన ఏం రాసినా మనకు కనబడది. దాన్ని వీళ్లు బాయిల ఏసుడు అంటరు. చప్పుడు చెయ్యకుంట ఎయ్యొద్దు. ‘ఫలానాయనను బాయిల ఏసిన, ధబ్’ అని అందరి ముందర రాసే ఎయ్యాలె. ఏసినంక బాయిల ఉన్నోని ఊసు, ఏసినోని ముందర ఎవరు ఎత్తొద్దు. పోరగాండ్ల ఆట లెక్కనే ఉంటది గని, ఆడేది తలలు నెరిసినోళ్లు.

రావిర్యాలల ఇంద్రసేన అని ఒకాయన, నిమ్మతోట ఉన్నది. ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూడలే గని, గ్రూపుల మస్తు దోస్తాన ఉండె. ఒక్కటే తకరారు. ఇంద్రసేన తన జవాబు రెండు మాటలు పైన రాసి, కింద పాత రాతంత చాంతాడంత అట్లనే ఉంచి పంపుతుండె. మా ఆయన చెప్పిండు, మల్ల చెప్పిండు. ఒకనాడు ఇంద్రసేనకు గూడ కోపమొచ్చి, ‘ముందుగాల చెట్టు సంగతి చూడన్నా, కత్తిరింపులు ఎనుక చూద్దాం’ అని రాసిండు. అందరి ముందర అన్నడని మా ఆయనకు రోషం. ‘ఇంద్రసేనను బాయిల ఏసిన. ఇగ నా తోట దిక్కు రాకు. ధబ్.’

“గింత దానికేనా?” అని అడిగిన.

“నీకు తెల్వది,” అన్నడు.

ఆ మరుసటేడు వానకాలం మొదట్ల, కింది మడిల మూడు జామచెట్ల ఆకులు పండుబారినయి. నౌకరి ఇడిసినప్పుడు మా చుట్టాలంత నవ్విండ్రు. ఆ నవ్వులకు జవాబు ఈ తోటే అని ఆయన కడుపుల పెట్టుకున్నడు. పొద్దుమాపు ఆ చెట్ల కాడనే ఉంటుండె. గ్రూపుల అడిగిండు. ఒకరు యూరియా అన్నరు, ఇంకొకరు ఇంకో మందు కొట్టుమన్నరు. అన్ని చేసిండు. గోపయ్య అనే ఆయన రాసింది ఒకటొస్తే, అండ్ల ‘అవ్, ఇదే సరైన మాట’ అని తప్ప ఇంకేం లేదు. ఏది సరైన మాట, ఎవలకు చెప్తున్నడు వీడు అని మా ఆయన తిట్టుకున్నడు. దసరా వరకు కింది మడులన్ని పండుబారినయి, ఆకులు రాలి చెట్లు పుల్లలు తేలినయి.

చలికాలంల ఆయనకు కండ్ల ఆపరేషన్ అయింది. కొన్ని దినాలు కంప్యూటర్ ముట్టుకోవద్దన్నరు దవాఖానల. అప్పటికే ఆశ ఇడిసిపెట్టిండు. తోటంత పీకేసుడే అని శుక్రవారానికి జేసీబీ మాట్లాడిండు. గని మనసొప్పుతలేదు. “పీకే ముందు ఆఖరుసారి అడుగు లచ్చిమి, నువ్వే రాయి,” అన్నడు. ఆయన కంప్యూటర్ల అక్షరాలు చీమలంత ఉంటయి, నాకు ఆనవు. మా బిడ్డ భవిత ఇచ్చిన ల్యాప్‌టాప్ల న్యూస్‌రీడర్ ఎక్కించుకొని, గ్రూపు తెరిచిన.

ఇంద్రసేన. దాని కింద ఇంద్రసేన. ఇంకింత కిందికి పోతే మల్ల ఇంద్రసేన. జల్లెడ ఉన్నది మా ఆయన కంప్యూటర్ల, నా దాంట్ల లేదు.

మా ఆయన అడిగిన ప్రతిదానికి ఆయన జవాబు రాసిండు. మూడు చెట్లు పండుబారినయని అడిగిన నాడే రాసిండు. ‘హన్మంతన్నా, ఆకు చూడకు, వేరు చూడు. వేరుకు బుడిపెలుంటే నులిపురుగు అన్నట్టు. ఆ మూడు చెట్లు తీసి కాలవెట్టు. ఆ మడి నీళ్లు పక్క మడికి పారనియ్యకు. మిగిలిన చెట్లకు వేపపిండి ఎయ్యి, నడుమ బంతిపూల మొక్కలు పెట్టు.’ గోపయ్య అవ్ అన్నది దీనికే. కోసుడు మా ఆయన దగ్గరనే నేర్చిండు గద, ఇంద్రసేన మాటలన్ని కోసి అవ్ ఒక్కటే మిగిల్చిండు. ఇంద్రసేన గూడ ఇప్పుడు సక్కగ రాస్తున్నడు. పైన రెండు ముక్కలు ఉంచిండు, తక్కింది కోసిండు, కింద జవాబు పెట్టిండు. నేర్పినోడు చూస్తలేడని తెలిసి గూడ నేర్సుకున్నడు మనిషి.

నాకు ఏడుపొచ్చింది. దాని ఎనుకనే మంట లేసింది. పలుగు తీస్కొని పోయి కింది మడిల ఒక చెట్టు మొదలు తవ్విన. వేరు నిండ బుడిపెలు, అల్లం కొమ్ము లెక్క. మడి నుంచి మడికి నీళ్లు పారిచ్చింది మేమే.

ఇంటికొస్తే మా ఆయన నల్లద్దాలు పెట్టుకొని మంచం మీద కూసున్నడు.

“ఇంద్రసేన జవాబు రాసిండు,” అన్న.

“వద్దు. బాయిల ఉన్నోని మాట నాకు చదవకు.”

“బాయిల ఉన్నది నువ్వు. ఆయన గట్టు మీద నిలబడి వానకాలం సంది పిలుస్తున్నడు. ఇంటవా, తోట పీకిపిచ్చుకొని కూసుంటవా?”

నేను మొదటి నుంచి చదివిన. నడుమల ఒక్కసారి గూడ అడ్డం రాలే. అంత అయినంక అడిగిండు, “మొదటిది ఎప్పటిది?”

“మూడు చెట్లప్పటిది.”

“మూడు చెట్లు,” అన్నడు. గోడ దిక్కు తిరిగిండు.

తర్వాత “రాయి” అన్నడు. ‘ఇంద్రసేనా, నీ జవాబులన్ని ఇయ్యాల చదివిన. కింది మడులు పోయినయి, తప్పు నాది. పైగట్టు చెట్లు ఇంకా పచ్చగున్నయి. అవన్న దక్కుతయా?’

“చదివి ఇనిపియ్యాలనా?” అని అడిగిన.

“వద్దు, పంపు.”

ఆయనకు చెప్పకుంట కింద ఒక లైను నేను కలిపిన. తోట యాడున్నది, జేసీబీ ఎప్పుడొస్తది అని. అప్పుడు నొక్కిన.

జవాబు రాలే. బేస్తవారం అంత చూసిన, రాలే. మా ఆయన అడగలే గని, నేను ల్యాప్‌టాప్ ముందర కూసున్నప్పుడల్ల చెవి ఇటే పెడుతుండె.

శుక్రవారం పొద్దున జేసీబీ వచ్చి కింది మడిల దిగింది. ఆయనను ఇంట్ల ఉండమంటె ఇనలే, అద్దాలు పెట్టుకొని గట్టు మీద నిలబడ్డడు. రెండు సాళ్లు పీకినంక తొవ్వల ఒక మోటర్‌సైకిల్ ఆగింది, ఎనుక వేపపిండి బస్తా కట్టి ఉన్నది. మనిషి దిగి, మమ్ముల చూసి తల ఊపి, సీదా పైగట్టు దిక్కు పోయిండు. నాలుగు చెట్ల మొదళ్లు తవ్వి, వేర్లు తీసి వేళ్ల నడుమ నలిపి చూసిండు.

“ఈడికి ఎక్కలే ఇంకా. మిషన్‌ను ఇటు రానియ్యకుండ్రి, ఈ చెట్లు దక్కుతయి.”

“ఎవరే అది?” అని మా ఆయన నన్ను అడిగిండు. కండ్లు మసకనే ఉన్నయి.

“ఇంద్రసేన,” అన్న.

మా ఆయన తడుముకుంట నాలుగడుగులు ముందరికి పోయిండు. “రావిర్యాల ఎంత దూరమని తమ్మి. గన్ని సార్లు రాసినవ్. వానకాలంలనే ఒక్కసారి ఇట్ల రావద్దా?”

ఇంద్రసేన చేతులకున్న మన్ను దులుపుకున్నడు. ఆయన గొంతుల కోపం లేదు.

“ఎట్ల రావాలన్నా, నువ్వు రావద్దన్నంక?”

గట్టు ఎగుడుదిగుడుగ ఉన్నదని ఇంద్రసేననే వచ్చి మా ఆయన జబ్బ పట్టుకున్నడు. ఇద్దరు పైగట్టు దిక్కు నడుస్తున్నరు, కింది మడిల చెట్లు పడుతనే ఉన్నయి.