కళ్ళు మూసుకుని చెప్పే మాటలు

మా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థనకు చాప పరిచేది నేను, కూర మాడకుండా స్టవ్ కట్టేసి వచ్చేది నేను, నా తప్పులు దేవుడికి విన్నవించేది మాత్రం మా ఆయన నతానియేలు. "ప్రభువా, నీ దాసురాలు మార్తకు మృదువైన నాలుక దయచేయుము" అంటారు. అంటే పొద్దున నేను ఆయన చెల్లెలి గురించి ఏదో అన్నానన్నమాట. "గృహకార్యములలో శ్రద్ధ దయచేయుము" అంటే చారులో ఉప్పు తగ్గిందని. మొహాన అంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. దేవుడితో మాట్లాడుతున్న మనిషికి ఎదురెలా చెబుతాను? కళ్ళు మూసుకుని, కొంగు తలమీదకి లాక్కుని, మా అత్తగారు సంపూర్ణమ్మతో పాటు నేనూ ఆమెన్ అంటాను. పెళ్ళయినప్పటి నుంచీ నా మీద వెళ్ళిన ఫిర్యాదులన్నిటికీ నేనూ ఆమెన్ చెప్పాను.

బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఇంటర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. కిందటేడు ఓ పిల్ల ఎవరికీ చెప్పకుండా హాస్టల్ నుంచి వెళ్ళిపోయాక, మనసులో మాట ఎలా చెప్పాలో నేర్పడానికి శనివారం ఒక క్లాసు పెట్టారు. "ఆడవాళ్ళు కదా మేడం, పిల్లల్తో మాట్లాడ్డం మీకు ఈజీ" అని ప్రిన్సిపాల్ లక్ష్మీకాంత్ గారు దాన్ని నాకు అంటగట్టారు. జీతం మాత్రం జువాలజీకే. అయినా ఆ క్లాసంటే నాకు ప్రాణం. అరవొద్దు, ఏడ్చి సాధించొద్దు, అలిగి మూల కూర్చోవద్దు. బాధ పెట్టిన మనిషికే, 'మీరిలా చేసినప్పుడు నాకిలా అనిపించింది' అని చెప్పండి, ఎంత కోపిష్టి మనిషైనా వింటారు అని బల్లగుద్ది చెబుతాను. ఆ క్లాసులో మా అమ్మాయి బ్లెస్సీ కూడా కూర్చుంటుంది.

పోయిన నెలలో ఒకరోజు ప్రార్థనయ్యాక అది చాప మీద నుంచి లేవలేదు. "డాడీ, మీరు అమ్మ మీద కంప్లైంట్లు ప్రేయర్లో చెబుతుంటే నాకు సిగ్గుగా అనిపిస్తోంది. అమ్మకే చెప్పొచ్చు కదా డాడీ."

గొంతు పెంచలేదు. అచ్చం నేను నేర్పినట్టే. నా కడుపు నిండిపోయింది. ఆయన మాత్రం నా వైపు తిరిగి, "ఇదేనా నువ్వు కాలేజీలో నేర్పేది?" అన్నారు. "తండ్రికి బుద్ధులు చెప్పేంతదైపోయిందా?" అన్నారు అత్తగారు. బ్లెస్సీ నా వంక చూసింది. అది చెప్పింది నిజమని ఒక్కమాట అంటే చాలు. "కూర వేడి చేసుకొస్తానండీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

అప్పట్నుంచీ ఆయన దానితో మాట్లాడలేదు. ఏదున్నా "ఆ పిల్లకి చెప్పు" అని నాతోనే. ప్రార్థన మాత్రం దాని మీదే: "ఈ బిడ్డలోని తిరుగుబాటు స్వభావమును తీసివేయుము." పిల్ల అన్నం ముందు నుంచి సగంలో లేచిపోతోంది. చూడలేక, జడ వేస్తూ నేనే అన్నాను, "డాడీకి సారీ చెప్పెయ్యమ్మా. ఇంట్లో ప్రశాంతంగా ఉంటుంది."

"నేను తప్పు మాట్లాడానా అమ్మా?"

"తప్పని కాదే..."

జడ చివర రిబ్బను ముడేశాను. శనివారాలు బోర్డు ముందు నిలబడి ఎన్ని చెబుతాను!

నిన్న సాయంత్రం ఆయన, "ఇవాళ ప్రార్థన ఆ పిల్లని చెయ్యమను" అన్నారు. బ్లెస్సీ మోకరించింది.

"ప్రభువా," అంది, అచ్చం వాళ్ళ నాన్న రాగంలోనే, "నన్ను క్షమించుము. మా అమ్మ క్లాసులో చెప్పేది నిజమని నమ్మాను."

ఆయన గట్టిగా ఆమెన్ అన్నారు. అత్తగారూ అన్నారు. నేను ఆమెన్ అనకుండానే లేచి చాప చుట్టేసి, అన్నాలు వడ్డించాను.

పొద్దున కాలేజీకి వెళ్ళగానే, శనివారం క్లాసు ఇంకెవరికైనా ఇవ్వమని లక్ష్మీకాంత్ గారిని అడిగాను.

"అదేంటి మేడం, పిల్లలు మీ మాట వినట్లేదా?"

"వింటున్నారండీ" అన్నాను.