వెనకవాడు ఆగుతాడులే

నా భార్య రత్నమాల నన్ను మోసం చేస్తోందని నాకు మా కారు ఇండికేటరు చెప్పింది.

అది అర్థం కావాలంటే మా కారులో ఎవరి ఉద్యోగం ఏమిటో ముందు చెప్పాలి. నడపడం ఆవిడది, దారి చెప్పడం నాది. ఒకప్పుడు రెండూ నావే. బీమా ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ అమీర్‌పేటలోని మా ఇంటి నుంచి ఊరంతా నేనే తిప్పాను. తరవాత కళ్ళు దెబ్బతిన్నాయి. కంటి లోపల మధ్యభాగం పోయిందన్నారు డాక్టర్లు. మనిషి ఎదురుగా నిలబడితే చెవులు కనిపిస్తాయి, మొహం కనిపించదు. లైసెన్సు బీరువాలో పడేసి, ఆ రోజంతా అన్నం మానేసి, ఎవరు పలకరించినా కసురుకున్నాను. రత్నమాల నన్ను ఓదార్చలేదు. చెప్పకుండా వెళ్ళి డ్రైవింగ్ స్కూల్లో చేరింది. అరవై దగ్గరపడ్డ మనిషి, అంతకుముందు సైకిలైనా ఎరగదు.

ఇక పెట్టె సంగతి. అది దారి చూపించే పరికరం. ఫోన్లలో మ్యాపులు ఇంకా అందరికీ రాని రోజుల్లో ముచ్చటపడి కొని కారు అద్దానికి అతికించుకున్నాను. అరచెయ్యి కంటే కాస్త పెద్దది. దానికి దారి చెప్పడం తప్ప వేరే పని లేదు. పాటలు పాడదు, ఫోటోలు తియ్యదు, నెట్ అడగదు. ఇప్పుడు దానికి కొత్త మ్యాపులు ఇవ్వడం మానేశారు. గొంతు కూడా నీరసపడింది. అందుకని దాన్ని చేత్తో పట్టుకుని, చెవికి ఆనించుకుని, అది గొణిగింది విని గట్టిగా రత్నమాలకి చెబుతాను. హారన్లు మోగితే ఆవిడ బెదిరిపోతుంది. "వెనకవాడు ఆగుతాడులే, తిప్పు" అంటాను. అది మాట వరసకి అనే మాట.

పాత మ్యాపుతో ఈ ఊళ్ళో ఎలా తిరుగుతారయ్యా అంటారేమో. దానికీ ఏర్పాటుంది. మైత్రీవనం వెనక సందులో కార్లకి సీటు కవర్లూ స్టీరియోలూ బిగించే అఫ్జల్ అనే అతను ఉన్నాడు. బోరబండ నుంచి వస్తాడు. పొద్దున్నే అతని దగ్గర టీ తాగుతూ ఏ సిగ్నల్ మూశారో, ఏ రోడ్డు తవ్వారో కనుక్కుంటాను. "సత్యం సార్, గా సిగ్నల్ కాడ రైట్ బంద్ చేసిండ్రు. జర ముంగట పోయి యూటర్న్ కొట్టాలె" అంటాడు. నా పేరు వీరవెంకటసత్యనారాయణ. అంత పొడుగు పేరు అతని నోటికి ఎందుకు పడుతుంది? ఆ తరవాత పెట్టె కుడికి అంటే, దాని మొహం, నువ్వు ముందుకి పోనియ్ అంటాను రత్నమాలతో. పెట్టె, అఫ్జల్, నేను కలిసి ఆవిడని ఊరంతా తిప్పుతున్నామని నా గర్వం.

ఆ గర్వం మీద మా అమ్మాయి హైందవి నీళ్ళు పోసింది. కారులో ఫోను పెట్టుకునే స్టాండు తెచ్చి, నాన్నా ఆ డబ్బా అవతల పడెయ్, ఫోనులో అయితే ట్రాఫిక్ సంగతి కూడా తెలుస్తుంది, అమ్మకి అదే చెబుతుంది అంది. నాకు ఒళ్ళు మండింది. అది తప్పు అన్నందుకు కాదు, నిజం అన్నందుకు. ఫోను నేరుగా ఆవిడకే చెప్పేస్తే నా పనేముంది? నా సీట్లో కూరగాయల సంచీ పెట్టుకున్నా ఒకటే. నా కారులో నేనే ఆటలో అరటిపండునైపోతాను. ఆ మాట కూతురితో ఎలా అంటాను? రేడియేషనూ గాడిదగుడ్డూ అని ఏదో వాదించాను.

దేవుడు నా పక్షాన ఉన్నాడు. మా వాళ్ళకో అలవాటుంది. ఎవరైనా కారెక్కారని తెలిస్తే చాలు, దిగేదాకా ఫోన్లు చేస్తూనే ఉంటారు, ఎక్కడిదాకా వచ్చారూ అని. బేగంపేటలో ఒక నిశ్చితార్థానికి వెళ్ళి తిరిగొస్తున్నాం. పంజాగుట్ట ఫ్లైఓవర్ దగ్గర కింద నుంచి వెళ్ళి కుడికి తిరగాలి. సరిగ్గా అక్కడ రత్నమాల అన్నగారు రామ్మోహనరావు ఫోను చేశాడు. ఫోనులో దారి చెప్పే అమ్మాయి నోరు మూసుకుంది, రత్నమాల కంగారులో ఫ్లైఓవర్ ఎక్కేసింది. బంజారాహిల్స్ వైపు తేలేసరికి ఆవిడకి చెమటలు పట్టాయి. నాకు మాత్రం లోపల లడ్డూ తిన్నంత ఆనందం. మర్నాడు స్టాండు ఊడింది, పెట్టె నా చేతిలోకి వచ్చింది.

కొన్నాళ్ళు రాజ్యం సాఫీగా సాగింది. ఆ తరవాతే ఇండికేటరు గొడవ. నేను ఎడమకి అనేలోపే టిక్ టిక్ మని మోగుతోంది. మొదట్లో మురిసిపోయాను, బాగా నేర్చుకుందని. అఫ్జల్‌తో అంటే, "అమ్మకి తొవ్వలన్నీ ఎరుకైనయి కావొచ్చు సార్" అన్నాడు. కానీ ఎప్పుడూ వెళ్ళని కాలనీలో కూడా మోగుతోందే? ఒకరోజు కావాలని నోరు మూసుకుని కూర్చున్నాను. అయినా టిక్ టిక్ మంది, కారు తిరిగింది. ఇంకోరోజు కావాలనే తప్పు చెప్పాను, కుడికి అని. కుడివైపు తవ్వేశారండీ అని ఎంతో మర్యాదగా ఎడమకి తీసుకెళ్ళింది.

ఆ సాయంత్రం ఇంటి ముందు ఆవిడ గేటు తియ్యడానికి దిగినప్పుడు, సీటు బెల్టు కోసం తడుముతుంటే ఆవిడ సీటు అంచున చిక్కుడు గింజంతది ఒకటి చేతికి తగిలింది. చెవిలో పెట్టుకునే బడ్. దగ్గర పెట్టుకుని వింటే, మీ గమ్యం వచ్చేసిందని ఇంగ్లీషులో చెబుతోంది. నాకు కనిపించని కుడి చెవిలో పెట్టుకుని ఇన్నాళ్ళూ ఫోను మాటే వింటోందన్నమాట. నేను పెట్టెని చెవికి ఆనించుకుని అరుస్తుంటే చిన్నపిల్లాడి చేతికి బొమ్మ స్టీరింగు ఇచ్చినట్టు సాగనిచ్చిందన్నమాట. బడ్‌ని ఉన్నచోటే పెట్టేశాను. స్టాండు పెట్టిన రోజే సూటిగా చెప్పినా ఇంత నొప్పి ఉండేది కాదు.

మర్నాడు పంజాగుట్టలో కంటి ఆస్పత్రికి వెళ్ళాలి. పెట్టె ఇంట్లో వదిలేశాను. రత్నమాల అడిగితే పాడైందన్నాను. ఇవాళ ఒక్కరోజుకి దిగబెట్టించుకుంటాను, రేపట్నుంచి ఆటోలో పోతాను, ఈ సీటుతో నాకేం పని అనుకుని కూర్చున్నాను. ఆవిడ ఒకటి రెండుసార్లు నా వైపు తిరిగింది. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆస్పత్రి రోడ్డుకి అవతలి వైపు. మెట్రో స్తంభాల మధ్య యూటర్న్ తీసుకోవాలి, అంటే బస్సులనీ ఆటోలనీ దాటుకుని కుడి వరసలోకి జరగాలి. ఇండికేటరు మోగింది. మోగుతూనే ఉంది. కారు మాత్రం జరగలేదు, ఆగిపోయింది. వెనక బస్సు హారను, దాని వెనక ఇంకో పది.

"చెప్పరేంటండీ?" అంది రత్నమాల.

"నీ చెవిలో చెబుతోందిగా."

హారన్లు ఎక్కువయ్యాయి. అప్పుడు ఏడుపూ కోపమూ కలిసిన గొంతుతో అంది.

"అది ఎటు తిరగాలో చెబుతుంది. వెనకవాడు ఆగుతాడని చెబుతుందా? పెట్టె చెప్పేది సగం తప్పులు. ఆ మాటంటే మీరు కారెక్కడమే మానేస్తారు. మీరు పక్కన లేకపోతే ఈ రోడ్డు మీద నావల్ల కాదు. అందుకే చెవిలో పెట్టుకున్నాను."

ఆవిడ మొహం నాకు ఎలాగూ కనిపించదు. చూపు అంచున స్టీరింగు మీద చేతులు కనిపించాయి. ఊడిపోతుందేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. మాట వరసకి నేను అనే ఆ ముక్కని పట్టుకుని ఇన్నాళ్ళూ ఈ మనిషి ఊరంతా తిరిగిందా? నాకు సిగ్గేసింది.

"వెనకవాడు ఆగుతాడులే రత్నం. తిప్పు."

తిప్పింది. బస్సువాడు ఏదో తిట్టాడు గానీ ఆగాడు. స్తంభాల పక్కన యూటర్న్ అయ్యాక నేను చెయ్యి చాపాను, రెండో బడ్ ఇలా ఇవ్వమని. ఆవిడ ఒక చేత్తో హ్యాండ్‌బ్యాగులోంచి తీసి నా అరచేతిలో పెట్టింది. చెవిలో పెట్టుకున్నానో లేదో, రామ్మోహనరావు ఫోను.

"ఎక్కడిదాకా వచ్చారు?"

దార్లో ఉన్నాం బావగారూ, దిగాక మాట్లాడదాం, పెట్టెయ్యండి అన్నాను. పెట్టేశాడు. దారి చెప్పే అమ్మాయి మళ్ళీ నోరు విప్పింది, ఇద్దరి చెవుల్లోనూ.

"ఎడమకి, గేట్లోకి" అన్నాను గట్టిగా.

నా మాట పూర్తయ్యాకే ఇండికేటరు మోగింది. నాకోసం కావాలనే ఆగిందో ఏమో, నేను అడగలేదు.