గణేష్‌బాబు పక్కటెముకలు

భీమవరం నర్సింగ్ కాలేజీలో సీటు రావడంతో సుప్రియ తన మేనమామ కొడుకు గణేష్‌బాబు ఇంట్లో దిగింది. ఒకప్పుడు వాళ్లిద్దరికీ పెళ్లి చేద్దామని పెద్దలు అనుకున్న సంగతి గణేష్‌బాబు భార్య దుర్గాశ్రీకి తెలుసు. ఆమె దగ్గర ఎవరూ దాచలేదు. అందుకే సుప్రియ వస్తానంటే కాదనలేకపోయింది.

సాయంత్రం రొయ్యల చెరువు నుంచి వచ్చి గణేష్‌బాబు చొక్కా విప్పి చాప మీద వాలేవాడు. సుప్రియ అతని ఛాతీ మీద పాఠం వల్లె వేసుకునేది. పక్కటెముకలు పన్నెండు జతలు. పై ఏడు జతలు మృదులాస్థితో నేరుగా రొమ్ముటెముకకు అతుక్కుంటాయి. తర్వాతి మూడూ తమ పైదాని మృదులాస్థిని పట్టుకుని ఉంటాయి. చివరి రెండూ ముందువైపు దేనికీ అంటవు. ఆమె వేలు ఒక్కో ఎముక మీదుగా దిగుతుంటే అతను చక్కిలిగింతలకు మెలికలు తిరిగేవాడు. వంటింట్లో దుర్గాశ్రీ చేపముక్కలు మాడ్చేది.

ఒకరోజు ఆ పిల్లను హాస్టల్లో చేర్పించమంది. చదువుకునే పిల్లతో నీకు పోటీ ఏంటని అతను నవ్వేశాడు. ఆ నవ్వుకి ఆమెకు ఇంకా మండింది.

ఆ వారమే అతను చెరువు గట్టు మీద జారి నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ ఇనప చట్రం మీద పడ్డాడు. ఇంటికొచ్చి, ఊపిరి తీస్తే పొడుస్తోందన్నాడు. దుర్గాశ్రీ బామ్ రాసి మర్దనా చేయబోతే కేక పెట్టాడు. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన సుప్రియ కంగారుగా దగ్గరికి రాబోయింది. దుర్గాశ్రీ అడ్డంగా నిలబడింది.

"నా మొగుణ్ణి నేను చూసుకుంటాను. నువ్వు ముట్టుకోకు."

సుప్రియ మొహం పాలిపోయింది. దుర్గాశ్రీ ఇన్నాళ్లూ ముభావంగా ఎందుకుందో ఆమెకు అప్పటికి అర్థమైంది. గోడకు ఆనుకుని నిలబడి, "సరే అక్కా, మీ చెయ్యే పెట్టండి. నేను చెబుతాను," అంది.

గొంతు కింది గుంట నుంచి రొమ్ముటెముక మీదుగా వేలు దింపమంది. అడ్డంగా చిన్న గట్టు తగులుతుందనీ, దాని పక్కదే రెండో పక్కటెముక అనీ, అక్కణ్ణుంచి మెల్లగా లెక్కపెట్టుకుంటూ పక్కకు రమ్మనీ చెప్పింది. రోజూ తల ఆనించి పడుకునే ఛాతీలో ఇదంతా ఉందని దుర్గాశ్రీకి తెలియదు. ఏడో ఎముక మీద, చంక కిందివైపు, వేలు ఆనీ ఆనకముందే అతను పళ్లు బిగించాడు.

"ఇంక నొక్కకండక్కా. విరిగిందేమో. ఊపిరితిత్తికి తగిలిందో లేదో చూడాలి, ఆసుపత్రికి పదండి."

ఎక్స్‌రేలో ఏడో పక్కటెముక చిట్లినట్టు తేలింది. ఊపిరితిత్తికి ఏమీ కాలేదు. కట్టు అక్కర్లేదనీ, మాత్రలు వేసుకుని మధ్యమధ్య లోతుగా ఊపిరి తీస్తుండమనీ డాక్టరు చెప్పి పంపించాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో గణేష్‌బాబు మరదల్ని తెగ మెచ్చుకున్నాడు. దుర్గాశ్రీ బయటికి చూస్తూ కూర్చుంది. హాస్టల్ మాట మళ్లీ ఎత్తకూడదని అప్పటికే అనుకుంది. ఆ మెచ్చుకోలు మాత్రం మింగుడు పడలేదు.

"చెప్పింది సుప్రియేనండి. పట్టుకుంది నేను," అంది.

గణేష్‌బాబు నవ్వబోయి నొప్పికి ఆగిపోయాడు. సీటు చివర ఒదిగి కూర్చున్న సుప్రియ, అవును బావా, అక్కే పట్టుకుందంది. దుర్గాశ్రీ కాస్త జరిగి ఆమెకు చోటిచ్చింది. మొగుడికీ ఆమెకూ మధ్య మాత్రం తనే కూర్చుంది.