మారతమ్మ బోటు దింపిన రోజు

పొద్దున్నే ముఖం కడుక్కుని, ఇంకా పొయ్యి వెలిగించకముందే తవిటమ్మ దేవుడి గూటి దగ్గరికి వెళ్ళి మారతమ్మ ఏం చేస్తోందో చూస్తుంది. మారతమ్మ చేపలు ఆరబెడుతూ ఉంటే తవిటమ్మ కూడా ఇసక మీద పాత వల పరిచి చిన్న నెత్తళ్ళ చేపలు పోస్తుంది. మారతమ్మ చేపల మీద గుడ్డ కప్పిందా, ఆకాశంలో మబ్బుతునక లేకపోయినా సరే, పోసినవన్నీ గంపల్లోకి ఎత్తేస్తుంది. కళింగపట్నంలో ఎండుచేపలు చేసే ఆడవాళ్ళు బిందెలతో పోతూ పోతూ గుమ్మంలోంచే అడుగుతారు, "ఏటొదినా, అమ్మోరు ఆరబెట్టినాదా?" అని. సెల్‌ఫోనులో వాన కబురు వచ్చినా ఇక్కడ అడిగాకే నమ్ముతారు.

మారతమ్మ ఉండేది అరచేయంత ఇనప రేకు మీద తీసిన ఫొటోలో. తవిటమ్మ మొగుడు కూర్మయ్య ముత్తాతల నాడు ఏదో ఓడ పగిలి, ఒక పెట్టె ఒడ్డుకు కొట్టుకొచ్చింది. అందులోని ఉత్తరాలు ఉప్పునీటికి ముద్దయిపోగా ఒక్కటి మిగిలింది. దాంతోపాటు ఈ రేకు. రేకులో చెక్క ఇల్లు, గుమ్మం పక్కన కుర్చీలో కాలికి కట్టుతో గడ్డపాయన, ముంగిట పందిళ్ళ మీద చేపలు ఆరబెడుతున్న నల్లగౌను మనిషి. చేపలు ఎండబెట్టే ఆడమనిషి మనింటి మనిషి కాక మరెవరవుతుంది? పుణ్యస్త్రీగా పోయిన తమ పేరంటాలే ఇలా తిరిగొచ్చిందనుకుని, పసుపు రాసి గూట్లో పెట్టేశారు.

అప్పట్నుంచీ ఆ రేకులోనే ఆమె సంసారం వీళ్ళ కళ్ళముందు సాగుతోంది. సోమవారం బట్టలుతికి తాడు మీద ఆరేస్తుంది. శనివారం కుండలో చిక్కుడు గింజలు పోసి పొయ్యిలోకి తోస్తుంది. ఆదివారం టోపీ పెట్టుకుని, మొగుణ్ణి బండెక్కించి ఎటో పోతుంది. ఆ పూట రేకులో తలుపు మూసి ఉంటుంది. చలికాలం వస్తే ఆమె వాకిట్లో మోకాల్లోతు ఉప్పు కురుస్తుంది. అది మంచు అని బడి మోహనకృష్ణ మాస్టారు ఎంత చెప్పినా ఈ ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. చేపలవాళ్ళ వాకిట్లో ఉప్పు పడక మంచెందుకు పడుతుంది?

మిగిలిన ఆ ఒక్క ఇంగ్లీషు ఉత్తరాన్నీ మాస్టారే చదివిపెట్టాడు. 'అక్కా, ఈ వారం ఎండ లేదు. చేపలు మెత్తబడ్డాయి. ఆయన కాలు అలాగే ఉంది. నువ్వు పంపిన గుడ్డతో పిల్లకి గౌను కుట్టాను.' కింద మార్తా అని సంతకం. రాసి నూటయాభై ఏళ్ళయిందనీ, ఈవిడ అమెరికా మనిషనీ, మీ పేరంటాలు కాదనీ ఆయన నెమ్మదిగా చెప్పాడు.

"అయితే ఏటి బాబూ, సేపలు ఎండబెడతన్నాది కదా," అంది తవిటమ్మ. పేరు మాత్రం బాగుందని తీసుకుంది. అమ్మోరు కాస్తా మారతమ్మ అయింది.

ఈ ఏడు కూర్మయ్య కుడిభుజం పాడైంది. వల లాగుతుంటే నరం తెగి, చెయ్యి అన్నం ముద్ద దాకా కూడా లేవడం లేదు. ఉన్నది ఒక్కతే కూతురు, రాణి. చిన్నప్పట్నుంచీ వంశధార సముద్రంలో కలిసే మొగలో తండ్రి పక్కన కూర్చుని బోటు నడిపిన పిల్ల.

"బోటు అమ్మకు నాన్నా. నాను తోలుతాను," అంది రాణి.

 కూర్మయ్య తమ్ముడు గంగులు ఆ బోటు మీదే వేటకి పోతాడు. "ఆడపిల్ల బోటెక్కితే సంద్రం ఊరుకోదు. అది ఎక్కితే నాను దిగిపోతాను," అన్నాడు. తవిటమ్మ కూడా మరిది పక్షమే మాట్లాడింది. ఆచారం మీద ప్రేమ కాదు, కూతురు తన కళ్ళముందు ఒడ్డునే ఉండాలని. భావనపాడు నుంచి బోటు కొనేవాళ్ళు మర్నాడు పొద్దెక్కేసరికి వస్తామన్నారు. రాణి అన్నం తినకుండా పడుకుంది.

తెల్లారి తవిటమ్మ గూట్లోకి చూస్తే పందిళ్ళ మీద చేపలు లేవు. ఆదివారం కాదు, అయినా మారతమ్మ ఇంటి దగ్గర లేదు. ఇంటి పక్కన ఎప్పుడూ బోర్లించి ఉండే పడవా లేదు. దాన్ని ఈడ్చుకెళ్ళిన గాడి ఇసకలో నీళ్ళదాకా ఉంది. నీళ్ళ మీద, మొగుడి కోటు తొడుక్కుని, చేతులు పైకి మడుచుకుని, మారతమ్మ తెడ్లు వేస్తోంది.

ఇంకా ఎవరూ లేవలేదు. రేకు మీద గుడ్డ కప్పేస్తే చాలు. భావనపాడు వాళ్ళు వస్తారు, బోటు పోతుంది, పిల్ల ఒడ్డున మిగులుతుంది. తవిటమ్మ గుడ్డ చేతిలోకి తీసుకుంది కూడా. అప్పుడు కుర్చీలో ఆయన కనిపించాడు. ఇన్నేళ్ళలో ఆ మనిషి నవ్వగా ఆమె చూడలేదు. ఇప్పుడు పెళ్ళాం పోతున్న వైపే చూస్తూ, గడ్డమంతా కదిలేలా నవ్వుతున్నాడు. రాణి మొదటిసారి మొగలో ఎదురు కెరటం మీదికి బోటు తిప్పిన రోజు తనూ ఇలాగే నవ్వింది. దిష్టి తగులుతుందని కొంగు అడ్డం పెట్టుకుంది, అంతే.

తవిటమ్మ గుడ్డ పక్కన పడేసి కూతుర్ని తట్టి లేపింది. "లెగవే. నాన్న సొక్కా తొడుక్కో. సంద్రం మీద గాలెక్కువున్నాది."

రేకుని గూట్లోంచి తీసి, కొంగులో పెట్టుకుని ఒడ్డుకు నడిచింది. గంగులు దాన్ని చేతిలోకి తీసుకుని చూశాడు.

"అమ్మోరే సంద్రం మీదకి ఎల్లిపోనాదేటొదినా?"

"నీకూ అవుపడతన్నాది కదా."

"మరి నానేటి సెప్పగలను." గంగులు రేకుని కళ్ళకద్దుకుని వదిన చేతిలో పెట్టాడు. వల భుజాన వేసుకుని ముందుగా తనే బోటెక్కి, రాణికి చెయ్యి అందించాడు. కూర్మయ్య మంచి చెయ్యి ఆనించి బోటుని నీళ్ళలోకి తోశాడు. రాణి ఇంజను తాడు లాగింది. మొదటి కెరటం మీద బోటు ముక్కు లేచింది, రెండోది దాటాక నిలకడగా సాగింది.

ఎండ ముదిరాక భావనపాడు వాళ్ళు వచ్చి బోటేదని అడిగారు. కూర్మయ్య నోరు విప్పేలోపే తవిటమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, ఒడ్డంతా వినపడేలా చెప్పింది.

"ఏటకెల్లినాది బాబూ. మా రాణి తోలతన్నాది."