మొదటి చక్రం

మా పార్కులో ఒక పద్ధతి ఉంది. అడవిలో కొత్త సైకిల్ దారి తవ్వినప్పుడు దాని మీద మొదటి చక్రం తవ్వినవాడిదే. లేదంటే అతను ఎవరికిస్తే వాళ్లది. ఇది ఏ బోర్డు మీదా రాసి లేదు. సూపర్‌వైజర్లు మారారు, ఊరు పెరిగి పెరిగి అడవి కంచెను ఆనుకుంది, ఇదొక్కటీ మారలేదు. పైసా ఖర్చు లేని మర్యాద కదా, అందుకే నిలిచింది.

వాగు వైపు దిగే దారి నాది. నేరుగా దించితే మొదటి వానకే కాలువైపోతుందని వాలంతా అటూ ఇటూ తిప్పుకుంటూ తవ్వాను. మలుపుల దగ్గర బయటి వైపు మట్టి ఎత్తుగా పోసి, దిమ్మిసతో కొట్టి కొట్టి గట్టు కట్టాను. చక్రం ఆ గట్టును ఆనుకుని వంపు తిరుగుతుంది. తవ్వకం అయ్యాక రెండు కొసలా తాడు కట్టి వదిలెయ్యాలి. వాన పడాలి, ఎండాలి, మళ్లీ పడాలి. పచ్చి మట్టి మీద ఎవడైనా తొక్కాడా, గాడి పడిపోతుంది. తర్వాత వచ్చే ప్రతి చక్రమూ ఆ గాడిలోకే జారుతుంది.

వానలు పడ్డాయి. మట్టి బిగిసింది. నేను మాత్రం తాడు విప్పలేదు.

"ఏమయ్యా, ఇంకా ఆరలేదా నీ దారి?" అనేవాడు సూపర్‌వైజర్.

"లోపల చెమ్మ ఉంది సార్."

"ఎక్కడ, దారిలోనా, నీలోనా?"

ఆయన నవ్వేవాడు. నేను నవ్వేవాణ్ణి కాదు. ఆ దారి మా అమ్మాయి కోసం ఆగింది.

మా ఆవిడ నన్ను వదిలి వెళ్లి చాలా కాలమైంది. ఎందుకు వెళ్లిందని నన్నడిగితే ఒక కారణం చెబుతాను, ఆవిణ్ణి అడిగితే పది చెబుతుంది. ఆఫీసులో పనిచేసే ఒకాయన్ని చేసుకుంది. మంచివాడేనట. అదీ నా ఖర్మ, నోరారా తిట్టుకోవడానికి కూడా వీల్లేని మనిషి. అమ్మాయి తల్లి దగ్గరే పెరిగింది. చిన్నప్పుడు ఆదివారాలు నా దగ్గరికి వచ్చేది. పిట్ట అని పిలిచేవాణ్ణి. సైకిల్ నేర్చుకున్నది ఈ అడవిలోనే, నేను తవ్విన దారుల మీదే.

కుడి మలుపులు చక్కగా తిరిగేది. ఎడమ మలుపు వచ్చిందంటే చాలు, భయపడి కాలు కింద పెట్టేసేది. టైరు గీత, పక్కన చెప్పు రాసుకున్న గుర్తు. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక దారి సరిచేసేటప్పుడు ఆ గుర్తు కనిపిస్తే అక్కడ మాత్రం చెయ్యి ఆడేది కాదు. అదొక్కటీ వదిలేసేవాణ్ణి.

తర్వాత ట్యూషన్లన్నారు, పరీక్షలన్నారు. ఆదివారాలు తగ్గాయి. ఆపైన ఫోనే. ఇప్పుడు ఆయనకి వేరే ఊరు బదిలీ అయింది, సామాను సర్దేస్తున్నారు.

"ఆదివారం వస్తా నాన్నా. వెళ్లేముందు నీ దారి తొక్కి వెళ్తా."

"మొదటి చక్రం నీదేనమ్మా. ఎవణ్ణీ అడుగు పెట్టనివ్వలేదు."

"ఎడమ మలుపులు ఎన్ని పెట్టావేంటి?"

"పెద్దది ఒక్కటే."

"చాల్లే, నన్ను పడెయ్యడానికి అదొక్కటీ చాలు," అంది.

శనివారం పొద్దున పనికి వెళ్లకుండా ముందు సైకిల్ షాపుకి వెళ్లాను. పిట్ట పాత సైకిల్ అక్కడ బాగుచేయిస్తున్నాను. కొత్త గొలుసు, కొత్త బ్రేకులు. షాపతను సీటు పట్టుకుని, "ఎంత ఎత్తున పెట్టమంటావ్?" అన్నాడు.

నా భుజం దగ్గర చెయ్యి పెట్టి చూపించాను. మళ్లీ కాస్త పైకి జరిపాను.

"నీ కూతురి ఎత్తు నీకే తెలీదా?"

"నీ పని నువ్వు చూసుకో."

మూతి ముడుచుకుని అతనేదో ఒక ఎత్తున బిగించాడు. సైకిల్ నడిపించుకుంటూ వెనక కాలిబాటలో పార్కుకి వచ్చాను. ఫోను ముందురోజు సాయంత్రం పనిముట్ల షెడ్డులో ఛార్జింగుకి పెట్టి అక్కడే మరిచిపోయాను. నాకది అలవాటే.

వాగు దారి పై కొసన తాడు కట్టినట్టే ఉంది. దాని అవతల మట్టి మీద మాత్రం టైరు గీత.

నా ఒళ్లు మండిపోయింది. సైకిల్ చెట్టుకి ఆనించి గీత వెంట దిగాను. వెడల్పాటి టైరు, లోతైన అచ్చులు, ఖరీదైన సరుకు. ఎవడో డబ్బున్నవాడి కొడుకు తాడెత్తుకుని దూరాడు అనుకున్నాను. నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఎడమ మలుపు దగ్గర ఆగాను. గీత గట్టు మీదికి ఎక్కి, ఎక్కడా తొణక్కుండా, ఒక్క ఊపులో ఒంపు తిరిగి దిగిపోయింది. బ్రేకు వేసిన జాడ లేదు. కాలు దించిన జాడ లేదు.

"దొంగవెధవే గానీ పనిమంతుడు," అనుకున్నాను.

షెడ్డు దాకా ఎక్కితే ఆలస్యమని, కింద పొదలో దాచుకున్న ఇనుప దంతె, దిమ్మిస, బకెట్లు తీశాను. అడుగు నుంచి మొదలుపెట్టి పై దాకా ఆ గీతని గీరేశాను. వాగులోంచి బకెట్లతో నీళ్లు తెచ్చి చిలకరించాను. దిమ్మిసతో కొట్టాను. ఎడమ మలుపు దగ్గర ఇంకాస్త గట్టిగా కొట్టాను. అయ్యేసరికి చొక్కా పిండితే కారేలా ఉంది. దారి మళ్లీ అద్దంలా, ఎవరూ ముట్టనట్టు ఉంది. నా పిట్టకి సిద్ధంగా ఉంది.

అప్పుడు మా బామ్మర్ది భుజాన రంపం వేసుకుని వచ్చాడు. మా ఆవిడ తమ్ముడు. ఈ పార్కులో వాడిని పనికి పెట్టించింది నేనే. అక్క నన్ను వదిలేసినా వాడు బావా అనడం మానలేదు. గేటు తాళాలు వాడి దగ్గరే ఉంటాయి.

"ఏం బావా, కూతురు అటెళ్లిందో లేదో, అప్పుడే దిమ్మిస పట్టావ్. కాసేపు కూర్చుని ఏడవొచ్చుగా, మేమెవరం చూడంలే."

"కూతురేంట్రా?"

"పిట్ట, బావా. పొద్దున్నే వచ్చింది కదా. ప్రయాణం ముందుకి జరిగిందట. లారీ వెళ్లిపోయింది, కారు గేటు దగ్గర ఆపుకున్నారు. మీ నాన్న కిందే ఉంటాడు పొమ్మని నేనే పంపా. నువ్వు వెనక నుంచి ఎప్పుడో వచ్చేసుంటావనుకున్నా." వాడు నా మొహం చూసి రంపం కింద పెట్టాడు. "నేను చెరువు పక్క పడిన చెట్టు కొయ్యడానికి వెళ్లా. కలవలేదా?"

"దేని మీద వచ్చింది?"

"కారు మీద కట్టుకొచ్చారుగా, కొత్త సైకిల్. ఈ లావు టైర్లు. అక్క వాళ్లాయన కొనిచ్చాడట. ఎంత ఎదిగిందనుకున్నావ్ బావా. నన్ను దాటేసింది."

చెట్టుకి ఆనించిన సైకిల్ వైపు చూశాను. సీటు చిన్నపిల్లకి పెట్టినట్టుంది.

షెడ్డుకి వెళ్లి ఫోను చూస్తే పిట్ట కాల్స్ వరసగా ఉన్నాయి. చేశాను. వెంటనే ఎత్తింది. వెనక కారు శబ్దం.

"ఎక్కడికి పోయావ్ నాన్నా? చాలాసేపు చూశాను. అమ్మ హారన్ కొడుతూనే ఉంది."

"పనుండి షాపుకి వెళ్లానమ్మా."

"చూశావా మరి?"

"చూశాను."

"ఎడమ మలుపు?"

"కాలు పెట్టలేదు."

"ఇంటి దగ్గర రోజూ నేర్చుకున్నా. నీకు చెప్పకుండా నీ దారి మీదే చూపిద్దామని." నవ్వింది. "అంతేనా? ఏమీ అనవా?"

"ఎవడో పనిమంతుడనుకున్నా," అన్నాను.

అది ఇంకా గట్టిగా నవ్వింది. ఆ నవ్వు చెవిలో పెట్టుకుని షెడ్డు గోడకి ఆనుకున్నాను.

"ఫోటో తీసి పంపు నాన్నా. నువ్వే ముందు చూడాలని నేను తియ్యలేదు. అమ్మకి చూపించాలి, అస్సలు నమ్మట్లేదు."

"సరేనమ్మా," అన్నాను.

తిరిగి వెళ్లి దారి మొదట నిలబడ్డాను. ఎంత శుభ్రంగా చేశానో. ఒక్క అచ్చు అయినా మిగిలిందేమోనని మోకాళ్ల మీద వంగి వెతికాను. నేను పని చేస్తే పని చేసినట్టే ఉంటుంది, ఏమీ మిగల్లేదు. వాగు ఒడ్డున దారి అయిపోయాక ఇసుకలో టైరు మరక లాంటిది కనిపించింది గానీ అది ఎవరిదైనా కావచ్చు.

పాత సైకిల్ ఎక్కాను. ఏదో ఒక గీత ఉంటుంది కదా అనుకున్నాను. పొట్టి సీటు మీద మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే దిగాను. ఎడమ మలుపు దగ్గర చక్రం గట్టు ఎక్కింది, ఒంట్లో భయం లేచింది, కాలు కింద పడిపోయింది. సన్నటి టైరు గీత, పక్కన నా బూటు గుర్తు.

బామ్మర్ది పైనుంచి చూస్తున్నాడు. "ఆ కాలిగుర్తు తుడిచేసి తీసి పంపు బావా. దానికేం తెలుస్తుంది?"

"తెలుస్తుందిరా."

"పోనీ ఉన్నమాట చెప్పెయ్. పొరపాటున గీరేశానని చెప్పు."

వాడి మాటే సబబు. ఫోను తీశాను. ఏం చెప్పాలో లోపల అంతా ఉంది. మొదటి చక్రం నీదేనన్న మనిషే దాన్ని దంతెతో గీరేశాడని, అదీ తిట్టుకుంటూ గీరేశాడని చెప్పి, పిట్ట చేతిలో ఉన్న ఆ చిన్న సంతోషాన్ని కూడా లాక్కోవడం నావల్ల కాలేదు. ఫోను జేబులో పెట్టుకుని నా గీత కూడా చెరిపేశాను.

మధ్యాహ్నం, "నాన్నా, ఫోటో?" అని మెసేజ్ వచ్చింది. చీకటి పడ్డాక, "సర్లే, పనిలో ఉన్నట్టున్నావ్," అని ఇంకొకటి. మళ్లీ అడగలేదు.

సోమవారం సూపర్‌వైజర్ వచ్చాడు. తాడు బయట సైకిళ్ల వాళ్లు గుంపుగా నిలబడ్డారు.

"ఇవాళైనా ఆరిందా?"

"ఆరింది సార్."

"అయితే దిగు. పద్ధతి ప్రకారం ముందు నువ్వే."

"మొదటి చక్రం అయిపోయింది సార్. మా అమ్మాయి దిగింది."

ఆయన వంగి దారి పొడుగునా చూశాడు. "ఎప్పుడు? ఏం గుర్తు లేదే?"

బామ్మర్ది మొహం అటు తిప్పుకున్నాడు. నేను ముడి విప్పి, తాడు చుట్టుకుంటూ పక్కకి జరిగాను. సైకిళ్లు దిగాయి.