కాలువ మీద పది మార్కుల ప్రశ్న

నాకు ముక్కు మీద కోపమని స్టాఫ్ రూమ్‌లో పేరు. ఉంటే ఉండనీ. ఏడో తరగతి పర్యావరణం పరీక్షలో "మన కాలువ గురించి రాయండి, పది మార్కులు" అని అడిగాను. ముప్పై మంది గైడు దించేశారు: కాలువ నీరు స్వచ్ఛమైనది, దాహం తీర్చును, పంటలు పండించును. చూసింది చూసినట్టు రాయండని నెల రోజులు మొత్తుకున్నది గోడకు చెప్పినట్టయింది.

ఒక్క వసపిట్ట మాత్రం విన్నది. క్లాసులో నోరు మూయదని నేను పెట్టిన పేరది. వాళ్ల ఇల్లు కాలువ గట్టునే, అద్దకం మిల్లుకు దిగువన. "సోమ, మంగళ వారాలు ఎరుపు. గురు, శుక్ర నీలం. శనివారం నురగ. ఆదివారం మిల్లుకు సెలవు, అడుగున ఇసుక కనిపిస్తుంది. నెలలో ఒక్క చేపనూ చూడలేదు." పదికి పది వేశాను. ఆ పిల్లను చూస్తే గర్వంగా అనిపించింది.

మర్నాడే హెడ్మాస్టరు పిలిపించాడు. మిల్లు యజమానే మా స్కూలు కమిటీ అధ్యక్షుడు. వసపిట్ట పేపరు అప్పటికే బల్ల మీద, పేపర్‌వెయిట్ కింద ఉంది.

"ఈ పది కొట్టేసి సున్నా వెయ్యండమ్మా. గైడులో లేని జవాబుకి మార్కులేమిటి?"

"ఆ గైడు రాసినాయన మన కాలువ చూశాడా సార్?"

"మీ ఉద్యోగం ఏటేటా కమిటీ సంతకంతో నడుస్తోంది. మర్చిపోకండి."

ఒళ్లు మండింది. "సున్నా నాకు వేసుకోండి. పిల్లకు వెయ్యను."

"అయితే వాళ్ల నాన్నతోనే చెప్పిస్తా," అని ఆయన గుమ్మం వైపు చూశాడు.

అప్పుడు నాకు నిజంగా భయమేసింది. ఆ పిల్ల తండ్రి ఆ మిల్లులోనే రంగు తొట్ల దగ్గర పనిచేస్తాడు. నేను ఇంకో స్కూలు చూసుకోగలను. ఆ ఇంటికి మాత్రం ఆ జీతమే ఆధారం. మొండితనం నాదీ, దెబ్బ వాళ్లకూనా?

గుమ్మం బయట నిలబడి ఉన్న ఆ తండ్రి లోపలికొచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"నీ కూతురు రాసింది తప్పని కింద సంతకం పెట్టు. ఇంతటితో వదిలేస్తాం," అన్నాడు హెడ్మాస్టరు.

ఆ తండ్రి పేపరు తీసుకుని, ఒక్కో వాక్యం కింద వేలు పెట్టుకుంటూ నెమ్మదిగా చదివాడు. గోళ్ల సందుల్లో నీలం రంగు దిగిపోయి ఉంది.

"తప్పుంది సార్," అన్నాడు.

హెడ్మాస్టరు మొహం వెలిగింది. నేను తల దించుకున్నాను.

"బుధవారం రాయలేదు. బుధవారం నలుపు. ఆ రోజు రంగు తొట్ల తూము తెరిచేది నేనే. నన్ను కాపాడదామని దాచింది, పిచ్చిది."

పెన్ను తీసుకుని "బుధవారం నలుపు" అని తనే రాసి, కింద సంతకం పెట్టాడు. వారంలో ఒక రోజు తగ్గిందని పదికి పది వేసిన నాకే తట్టలేదు. సిగ్గేసింది. ఒక రోజు దాచినందుకు ఒక మార్కు కోసి, వాళ్లిద్దరి ముందే తొమ్మిది అని మార్కుల రిజిస్టర్లో ఎక్కించాను.

"ఇద్దరూ రోడ్డున పడతారు!" హెడ్మాస్టరు అరిచాడు.

ఆ తండ్రి అటు చూడనే లేదు. "టీచరమ్మా, రేపు బుధవారమే. సాయంత్రం నాలుగింటికి తూము తెరవమంటారు. పిల్లల్ని గట్టు మీదికి తీసుకురండి. తెరవనని వాళ్ల ముందే చెప్తాను."

ముప్పై ఒక్కమందినీ తీసుకొస్తానన్నాను.